బయట తాగింది లెక్కలోకి రాదు

గ్రోటె దాణా కొట్టు వెనక గదిలో గోడకు ఒక వాల్‌నట్ చెక్క పలక వేలాడుతూ ఉండేది. దాని మీద ముప్పై ఎనిమిది పేర్లు చెక్కి ఉన్నాయి. ఏటా అక్టోబరు మొదటి శనివారం మా బెర్గ్స్ లాండింగ్ ఊళ్లో జరిగే, పొగ తాగే పైపుల పోటీలో గెలిచినవాళ్ల పేర్లవి. ఒక్కొక్క పేరు పక్కన ఆ మనిషి పైపు ఎంతసేపు ఆరకుండా వెలిగిందో గంటల్లో, నిమిషాల్లో చెక్కారు. ముప్పై ఎనిమిదీ మగవాళ్ల పేర్లే. ఆ పలక మీద తన పేరు పడాలని ఆర్డిత్ బ్రూన్స్ కోరిక. కోరిక అంటే మరీ మెత్తగా ఉంది, పంతం అనాలి. అరవై ఆరేళ్లు వచ్చినా ఆ పంతం పిసరంత కూడా తగ్గలేదు.

ఆ గదిలో ఆమె ఏనాడూ అడుగు పెట్టలేదు. పెట్టనివ్వలేదు. అది పైపు క్లబ్బు గది, క్లబ్బులో అందరూ మగవాళ్లే. పలకను ఆమె చూసిందంతా పక్క సందులోంచి, కిటికీ అద్దంలోంచి, ఏటవాలుగా.

పోటీ సంగతి వింటే పిల్లల ఆటలా ఉంటుంది. అందరికీ ఒకే రకం కొత్త పైపు, మొక్కజొన్న కండెతో చేసింది, ఇస్తారు. మూడు గ్రాముల పొగాకు, రెండే అగ్గిపుల్లలున్న పెట్టె, పొగాకు అదుముకోవడానికి ఒక చిన్న చెక్కపుల్ల. వెలిగించుకోవడానికి ఒక్క నిమిషం గడువు. ఆ తర్వాత ఆరిందా, ఇంటికి పోవడమే. గబగబా పీల్చేవాడి పైపు పావుగంటలో బూడిదవుతుంది. కబుర్లలో పడి పీల్చడం మరిచినవాడిది చల్లారిపోతుంది. సమయం చూసే పెద్దమనిషి మధ్యమధ్య ఎదుటికొచ్చి "పొగ!" అంటాడు. అన్నప్పుడు పొగ వదిలి చూపించాలి. చివరిదాకా చూపించగలిగినవాడిదే గెలుపు.

ఈ ఊరికి మిస్సోరి నది ఎంతో, కండె పైపుల ఫ్యాక్టరీ అంత. ఆర్డిత్ పంతొమ్మిదో ఏట అందులో చేరింది. కండెకు ప్లాస్టర్ పూసి ఆరబెట్టాక, దాన్ని తిరిగే గరుకు చక్రానికి ఆనించి నున్నగా చేయడం ఆమె పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే, నలభై ఒక్క ఏళ్లు అదే. కుడి అరచేతి చర్మం మందమైపోయి, పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేసేది. ఆమె మొగుడు నార్బర్ట్ ఆ చెయ్యి పట్టుకున్నప్పుడల్లా "పెళ్లాం చెయ్యా, కొయ్యగరిటా?" అని ఏడిపించేవాడు.

ఫ్యాక్టరీలో కండె పొట్టు ఎప్పుడూ గాల్లో తేలుతూ ఉంటుంది, నిప్పురవ్వ పడితే ఊరంతా వెలుగే. అందుకని పొగ తాగడానికి ఒక గది వేరుగా కట్టారు. తలుపు మీద 'మగవారికి' అని రాశారు. ఆడవాళ్లు పైపు తాగరని ఎవరో తీర్మానించేసుకున్నారు కాబట్టి వాళ్లకు గది కట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆర్డిత్ మాత్రం లోపం ఉందని పక్కన పడేసిన పైపు ఒకటి తీసుకుని, లారీలకు సరుకెక్కించే అరుగు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. మేస్త్రీ వచ్చి "ఇదేం పని?" అని అడిగాడు.

"చేసేది మేమూ, తాగేది మీరూనా?" అంది.

మేస్త్రీ ఆ పైపు లాక్కోలేదు. కానీ గది తలుపూ తెరుచుకోలేదు. ఆర్డిత్ ఆ అరుగు మీదే స్థిరపడింది.

పెళ్లయ్యాక ఇంట్లోనూ అదే వరస. నార్బర్ట్ ముందు గదిలో వాలు కుర్చీలో కూర్చుని, రేడియో పెట్టుకుని, దర్జాగా పైపు తాగేవాడు. ఆర్డిత్ పైపు తీస్తే అత్తగారు మొహం చిట్లించేది.

"ఇంట్లో వద్దమ్మా. కర్టెన్లకు వాసన పట్టేస్తుంది."

"మీ అబ్బాయి పొగ కర్టెన్లను చూసి పక్కకు తప్పుకుంటుందా అత్తయ్యా?"

"వాడి సంగతి వేరు. మగాడు."

నార్బర్ట్ రేడియో శబ్దం కాస్త పెంచాడు. ఆర్డిత్ పెరటి వసారా మెట్ల మీదికి వెళ్లింది. అత్తగారు పోయింది, కర్టెన్లు మూడుసార్లు మారాయి, ఆమె చోటు మాత్రం ఆ మెట్లే.

పైపు ఎక్కడ తాగాలని అడిగితే ఈ ఊళ్లో ఎవరైనా లోపలే అంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే. గాలి కదలని గదిలో పొగాకు నిదానంగా కాలుతుంది, రుచి తెలుస్తుంది, పొగ కాసేపు ఎదుట నిలిచి మనిషికి తోడుంటుంది. బయట గాలి నిప్పును ఎగదోస్తుంది, పైపు వేడెక్కి నాలుక మండిపోతుంది, సగం పొగాకు మనం తాగితే సగం గాలి తాగుతుంది. ఇదంతా ఆర్డిత్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. జనవరి మంచులో, మార్చి ఈదురుగాలిలో నాలుక కాల్చుకుంటూ నేర్చుకుంది. అడుగున వదులుగా, పైన గట్టిగా కూరాలి. పొగాకు అంచుకు కాస్త కిందుగానే ఆగాలి. గాలికి వీపు తిప్పాలి. గాలి మరీ రెచ్చిపోతే పైపు గిన్నె మీద అరచెయ్యి మూసి, వేళ్ల మధ్య సన్నటి సందు వదలాలి. నిప్పు కాలుతుంది, నిజమే. ఆ చెయ్యి చక్రం మీద అరిగి అరిగి ఎప్పుడో కాలడం మానేసింది.

ఇక సందు సంగతి. తన ముప్పై ఎనిమిదో ఏట ఆమె క్లబ్బుకు వెళ్లి పోటీకి తన పేరు రాసుకోమంది. క్లబ్బు అధ్యక్షుడు లమార్ గ్రోటె, దాణా కొట్టు అతనిదే, నార్బర్ట్‌తో కలిసి చదువుకున్నవాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడి నవ్వాడు.

"వంటల పోటీ చర్చి హాల్లో, ఆర్డిత్. దారి తప్పి వచ్చావ్."

అప్పటినుంచి ప్రతి అక్టోబరులోనూ ఆమె దాణా కొట్టు పక్క సందులో, ఆ కిటికీ కింద, వాన నీళ్ల పీపా పక్కన నిలబడేది. అదే రకం పైపు, తూచిన మూడు గ్రాములు, రెండే అగ్గిపుల్లలు. లోపల గంట కొట్టగానే తనూ వెలిగించేది. సమయం చూసే ఎల్డన్ ష్రాడర్ గడియారాలు బాగుచేసే మనిషి, ఆమె కంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. ఆయన "పొగ కమ్మేసింది, ఊపిరాడట్లేదు" అని వంక పెట్టి కిటికీ ఒక జానెడు ఎత్తేవాడు. నిమిషాలు అవసరమైనదానికంటే గట్టిగా అరిచేవాడు. "పొగ!" అన్నప్పుడు ఒక్క క్షణం కిటికీ వైపూ చూసేవాడు. సందులోంచి పొగ లేచేది.

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో లోపల గెలిచింది నార్బర్ట్. ఒక గంటా పద్నాలుగు నిమిషాలు. ఆ పలక మీద అంతకంటే పెద్ద లెక్క ముందూ లేదు, తర్వాతా రాలేదు. లోపల చప్పట్లు మోగుతుంటే సందులో ఆర్డిత్ పైపు ఇంకా వెలుగుతూనే ఉంది. మరో తొమ్మిది నిమిషాలు వెలిగింది. అది ఎల్డన్ తన గడియారంలో చూశాడు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర ఆమె చెప్పింది.

"నా పైపు నీకంటే తొమ్మిది నిమిషాలు ఎక్కువ వెలిగింది. కావాలంటే ఎల్డన్ గారిని అడుగు."

నార్బర్ట్ బంగాళాదుంపలు వడ్డించుకుంటూ "అడగాల్సిన పని లేదు. బయట తాగింది లెక్కలోకి రాదు" అన్నాడు.

"గాల్లో తాగాను. నీకంటే కష్టం."

"రూలు రూలే. లమార్‌నడుగు."

లమార్‌నూ అడిగింది. అతనూ అక్షరం పొల్లు పోకుండా అదే మాట అన్నాడు. మగవాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారని అర్థమైంది. ఊరివాడు అంటే పోనీ అనుకునేది. పక్కన పడుకునేవాడు అన్నాడు. ఆ మాట మేకై దిగబడిపోయింది.

నార్బర్ట్ మంచివాడే, ఆ సంగతి దాచడానికి లేదు. జ్వరమొస్తే రాత్రంతా తలాపున కూర్చునేవాడు, ఆమె కారు చక్రాలు తనే మార్చేవాడు. గుండెపోటుతో పోయినప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపు దొంగ ఏడుపు కాదు. అతను పోయిన నెల రోజులకు, మంచు కురుస్తున్న ఒక మధ్యాహ్నం, ఆర్డిత్ పైపు పట్టుకుని ముందు గదిలో అతని వాలు కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు వద్దనేవాళ్లెవరూ లేరు. వెలిగించింది. పొగ గదిలో కదలకుండా నిలిచింది. రుచి బాగుంది, అందరూ చెప్పినంత బాగుంది. కానీ ఎవరింట్లోనో దొంగతనంగా కూర్చున్నట్టు వెన్ను నిటారుగా బిగుసుకుపోయింది. లేచి, కోటేసుకుని, మెట్ల మీదికి పోయింది. అక్కడ నలభై ఏళ్ల తన జాగా ఉంది. లోపల ఉన్నది చచ్చినవాడు వదిలేసిపోయిన జాగా. అది తనకు అక్కర్లేదని ఆ రోజు తేల్చేసుకుంది. పలక మీద పేరు సంగతి మాత్రం వదలలేదు.

ఆరేళ్లు గడిచాయి. ఆ ఏడు వేసవిలో టౌన్ కౌన్సిల్ చట్టం చేసింది. దుకాణాల్లో, హాళ్లలో, నలుగురూ చేరే ఏ గదిలోనూ పొగ తాగకూడదు. దాణా కొట్టు వెనక గది కూడా అందులోకే వస్తుంది. లమార్ ఒంటికాలి మీద లేచాడు. మనిషికి ఒక గది కూడా లేకుండా చేస్తారా అని సమావేశంలో బల్ల గుద్దాడు. ఆర్డిత్ వెనక వరసలో కూర్చుని పడీపడీ నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావని పక్కావిడ అడిగితే, "నలభై ఏళ్లకు వీళ్లకు చలి తెలిసింది" అంది.

క్లబ్బువాళ్లు తర్జనభర్జన పడ్డారు. పోటీ లోపలా, బయటా? చట్టం సొంత ఇళ్ల జోలికి రాదు కాబట్టి లమార్ తన గ్యారేజీలో పెట్టేద్దామన్నాడు. సొంత గ్యారేజీ అంటే ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో అతనిష్టం. ఆర్డిత్‌కు మళ్లీ సందే గతి అయ్యేది. కానీ లమార్ భార్య బానీ ఒప్పుకోలేదు.

"గ్యారేజీలో నా ఫ్రీజరుంది. ఫ్రీజర్లో పండక్కి కాల్చిపెట్టిన ఆపిల్ పైలున్నాయి. పన్నెండుమంది కూర్చుని పొగ ఊదితే ఆ పైలు ఎవరు తింటారు, నువ్వా?"

"మూతలుంటాయి కదే."

"నీ నోటికీ ఉంటే బాగుండేది."

దాంతో గ్యారేజీ పోయింది. మిగిలింది నది ఒడ్డు పార్కు. పార్కు ఊరిది, అనుమతి కాగితం మీద 'ఊరివాళ్లందరికీ ప్రవేశం' అని ఉంది. ఆ కాగితం టౌన్ ఆఫీసు తలుపుకు అంటించిన పూటే ఆర్డిత్ వెళ్లి చదివింది. రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చి కొత్త కోటు గుండీలు బిగించి కుట్టుకుంది.

శనివారం పొద్దున నది మీంచి వాయవ్యపు గాలి విసిరి కొడుతోంది. సాసేజీలు కాల్చేవాళ్ల గుడారం రెండుసార్లు ఎగిరిపడింది. పార్కులో పొడుగాటి బల్లలు వేసి పన్నెండు కుర్చీలు పెట్టారు. ఆర్డిత్ పదమూడోది తనే ఇంటినుంచి మోసుకొచ్చింది. అందరూ నదికి ఎదురుగా కూర్చుంటే, ఆమె కుర్చీని తిప్పి వీపు నదికి పెట్టింది.

లమార్ వచ్చి ఎదుట నిలబడ్డాడు. "ఇదేంటి ఆర్డిత్?"

"కుర్చీ."

"క్లబ్బు పోటీ ఇది."

"పార్కు క్లబ్బుదా? కాగితం తెమ్మంటావా, చదివి పెడతాను."

చుట్టూ జనం చేరారు. లమార్ అటూ ఇటూ చూసి ఎల్డన్ వంక తిరిగాడు. ఎనభై నాలుగేళ్ల ఎల్డన్ అప్పటికే ఆమె ముందు పైపు, పొగాకు, పుల్లలు పెట్టేసి జేబుగడియారం తీస్తున్నాడు.

"కూర్చో లమార్. నీకు మూడు నిమిషాలున్నాయి, కూరుకో" అన్నాడు.

గంట కొట్టారు. ఆ ఒక్క నిమిషంలోనే సగం పోటీ అయిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లుగా గదిలో తాగినవాళ్లు గదిలో లాగానే అంచుదాకా మెత్తగా కూరుకున్నారు. గాలికి మొదటి పుల్ల ఆరింది, రెండోదీ ఆరింది. అయిదుగురు వెలగని పైపులు నోట్లో పెట్టుకుని బిక్కమొహాలు వేశారు. వెలిగించుకున్నవాళ్లలో ఒకడి పొగాకు పైపొర గాలికి లేచి చొక్కా మీద పడింది. ఆర్డిత్ అగ్గిపెట్టెను సగం తెరిచి, ఆ చాటున పుల్ల గీసి, కోటు కాలరులోకి వంగి వెలిగించింది. ఒక్క పుల్ల. రెండోది బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టింది.

పావుగంటకు మిగిలింది నలుగురు. నాలుకలు మండి మంచినీళ్లకు పరుగెత్తినవాళ్లను చూసి జనం ఒకటే నవ్వు. ఆర్డిత్ పైపు మీద అరచెయ్యి మూసి, కళ్లు సగం మూసుకుని, ఊపిరి తీసినంత మెల్లగా పీలుస్తోంది. లమార్ అది చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఎల్డన్, అది చూడు! చేత్తో మూత పెడుతోంది! మూత వాడకూడదని రూలుంది!"

ఎల్డన్ కళ్లజోడు సర్దుకుని కాగితం తీశాడు. "ఇచ్చిన చెక్కపుల్ల తప్ప మరే పనిముట్టూ వాడకూడదు. అదీ రూలు. చెయ్యి పనిముట్టంటావా?"

"మరి కాదా?"

ఆర్డిత్ పైపు నోట్లోంచి తియ్యకుండానే పళ్ల మధ్యనుంచి "నీకూ ఉందిగా చెయ్యి. పెట్టుకో, ఎవరొద్దన్నారు?" అంది.

లమార్ పంతానికి పోయి అరచెయ్యి పైపు మీద మూశాడు. రెండు లెక్కపెట్టేలోపు "అమ్మో!" అని చెయ్యి విదిలించాడు. బానీ అందరికంటే గట్టిగా నవ్వింది. పైపు మాత్రం పడెయ్యలేదు, అతనూ మొండివాడే. ఒళ్లంతా చుట్టచుట్టుకుని పైపును కోటులో దాచుకుని లాక్కొచ్చాడు. మిగతా ఇద్దరూ పోయారు. యాభై రెండో నిమిషంలో ఎల్డన్ "పొగ!" అన్నాడు. గాల్లో పొగ కనపడదని, తన నల్ల టోపీ పైపు వెనకగా పట్టి చూస్తున్నాడు. లమార్ బుగ్గలు లోపలికి పోయేదాకా పీల్చాడు. టోపీ ముందు ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. లేదు.

చప్పట్లు మొదలయ్యాయి. ఎల్డన్ గడియారం ఆపబోయాడు.

"ఆపకండి" అంది ఆర్డిత్.

"గెలిచేశావు కదా తల్లీ."

"ఆపొద్దన్నాను."

ఎందుకో ఎల్డన్‌కు అర్థమైంది. లమార్‌కూ అర్థమైంది. గంటా పద్నాలుగు నిమిషాలు. జనం చప్పట్లు ఆపి దగ్గరికి జరిగారు. సాసేజీలు కాలుస్తున్నవాళ్లు పొయ్యి వదిలేసి వచ్చారు. ఆర్డిత్ ఎవరినీ చూడడం లేదు. ఆమె కళ్ల ముందున్నది వంటింటి బల్ల, బంగాళాదుంపల గిన్నె, తలెత్తకుండా ఆ మాట అన్న మొగుడు. ప్రేమ ఉంది, దిగులు ఉంది, ఆరేళ్లుగా రెండూ ఉన్నాయి. వాటి కింద కోపం ఉంది, అదీ ఆరలేదు. చచ్చినవాళ్ల మీద కోపం ఉండకూడదని ఎవరన్నా సరే, ఆమెకు ఉంది.

గంటా పదకొండో నిమిషంలో గాలి ఒక్కసారి తిరగబడి ఎదురుగా వచ్చింది. పైపులోంచి బూడిద లేచింది. "పొగ!" అన్నాడు ఎల్డన్. ఆమె పీల్చింది. టోపీ ముందు ఏమీ కనపడలేదు. చెక్కపుల్లతో బూడిదను ఒక వెంట్రుకవాసి అదిమి, రెండు చేతులూ పైపు చుట్టూ దడి కట్టి, మళ్లీ పీల్చింది. నల్ల టోపీ ముందు సన్నటి పోగు ఒకటి లేచి గాలికి తెగిపోయింది.

"ఉంది!" అని అరిచాడు ఎల్డన్. "ఉంది, ఉంది!"

గంటా పద్నాలుగు దాటింది. పదిహేను. పదహారు. పదిహేడో నిమిషంలో పైపు దానంతట అదే ఆరింది. ఆమె దాన్ని బోర్లించి బల్ల మీద తట్టింది. తెల్లటి బూడిద తప్ప పొగాకు పీచు ఒక్కటి కూడా రాలలేదు. అక్కడే పడి ఉన్న రెండో అగ్గిపుల్లను పెట్టెతో సహా జేబులో వేసుకుంది.

లమార్ దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. కాలిన చెయ్యే. మనిషి నిజంగానే మెత్తబడ్డాడు.

"పద ఆర్డిత్, మా గదికి పోదాం. బానీ కాఫీ పెట్టింది. నీ పేరు నీ కళ్ల ముందే చెక్కుతారు. ఇవ్వాళ్టినుంచి నువ్వు మా మెంబరువి, సరేనా?"

అందరూ కలిసి దాణా కొట్టుకు నడిచారు. లమార్ సందువైపున్న వెనక గది తలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకున్నాడు. గడప దగ్గర ఆర్డిత్ ఆగింది. మొదటిసారి ఆ పలకను ఎదురుగా చూసింది. చిన్నదే. ఇన్నేళ్లు కిటికీలోంచి ఎంతో పెద్దదిగా కనిపించింది. కాఫీ వాసన వస్తోంది, లోపల వెచ్చగా ఉంది, కాళ్లు నొప్పులు పుడుతున్నాయి.

"రావేం?" అన్నాడు లమార్.

"పలక బయటికి పట్రా."

"ఎందుకు?"

"నేను తాగింది బయట. నా పేరు బయటే ఉంటుంది. ఈ సందులో, ఆ కిటికీ కింద కొట్టు."

"మతి పోయిందా నీకు? వానా మంచూ పడితే చెక్క పాడైపోదూ?"

"ఇరవై ఎనిమిదేళ్లు ఇక్కడే నిలబడ్డాను, వానలోనూ మంచులోనూ. నేను పాడైపోయానా లమార్?"

వెనకనుంచి ఎల్డన్ "దించరా" అన్నాడు. బానీ అప్పటికే సుత్తి వెతుకుతోంది.

పలకను సందులో గోడకు కొట్టారు. ముప్పై తొమ్మిదో పేరు అక్కడే నిలబడి చెక్కారు. ఎల్డన్ గంటా పదిహేడు నిమిషాలని చెప్తుంటే లమార్ పలక కదలకుండా పట్టుకున్నాడు. ఎవరో కాఫీకి లోపలికి రమ్మన్నారు. ఇక్కడికే తెమ్మంది. తెచ్చారు. ఆర్డిత్ వాన నీళ్ల పీపాకు ఆనుకుని, పైపు మళ్లీ కూరుకుని, జేబులోంచి ఆ మిగిలిపోయిన అగ్గిపుల్ల తీసి వెలిగించుకుంది.